నీళ్లకు గిరాకీ ఖాయం, లాభమే అనుమానం

ఇరవయ్యో శతాబ్దం చమురుది, ఇరవై ఒకటోది నీళ్లది అన్న మాట పెట్టుబడుల ప్రపంచంలో ఎప్పటినుంచో తిరుగుతోంది. వినడానికి లాజిక్ బాగానే ఉంటుంది. జనాభా పెరుగుతోంది, ఊళ్లు నగరాలవుతున్నాయి, ఎండలు ముదురుతున్నాయి, మంచినీళ్లు మాత్రం ఉన్నవే ఉన్నాయి. కాబట్టి నీటి కంపెనీల షేర్లు కొని పక్కన పెట్టుకుంటే చాలు, మిగతాది కాలమే చూసుకుంటుందన్నది సలహా. ఇందులో మొదటి సగం నిజమే. రెండో సగాన్ని నమ్మి చేతులు కాల్చుకున్నవాళ్లు సింగపూర్ నుంచి లండన్ దాకా ఉన్నారు.

అసలు చమురుతో పోల్చడమే తప్పు. చమురుకు ప్రపంచమంతా ఇంచుమించు ఒకే ధర నడుస్తుంది, ఓడలో నింపి ఎంత దూరమైనా పంపొచ్చు. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. కుళాయిలో వచ్చే ఆ టన్ను ధర సంపన్న దేశాల్లో కూడా వందల రూపాయల్లోనే ఉంటుంది. ఇంత బరువూ ఇంత చవకా అయిన సరుకును దూరాలకు మోస్తే గిట్టుబాటు కాదు. అందుకే నీళ్లకు ప్రపంచ మార్కెట్ అంటూ లేదు, ఊరికో మార్కెట్ ఉంది. 2020 డిసెంబర్‌లో అమెరికాలో కాలిఫోర్నియా నీటి ధర మీద ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే కాంట్రాక్టులు) ట్రేడింగ్ మొదలైనప్పుడు వాల్‌స్ట్రీట్ నీళ్లను కూడా అమ్మేస్తోందని పెద్ద గోల జరిగింది. ఆ కాంట్రాక్టు గడువు తీరితే చేతులు మారేది డబ్బే, ఒక్క బిందె నీళ్లు కూడా కదలవు. ట్రేడింగ్ కూడా పలచగానే నడిచింది.

నీటి రంగం అనేది నిజానికి ఒక సర్వీసు. నీళ్లను ఎక్కడినుంచో తెచ్చి, శుభ్రం చేసి, పైపుల్లో ఇంటికి పంపి, వాడాక వచ్చే మురుగును తీసుకెళ్లి మళ్లీ శుభ్రం చేసే పని. ఈ పనికి బిల్లు ఎవరు కడతారు? టైముకి కడతారా? బిల్లు పెంచే అధికారం ఎవరి చేతిలో ఉంది? దాహం ఎంత ఉందన్న లెక్క కంటే ఈ మూడు ప్రశ్నలే పెట్టుబడి భవిష్యత్తును తేలుస్తాయి.

దాహానికి లోటేమీ లేదు. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్కల ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 220 కోట్ల మందికి ఇంటి దగ్గర సురక్షితమైన తాగునీరు అందడం లేదు. మనుషులు నదుల నుంచి, భూమిలోంచి తోడే మంచినీటిలో సుమారు 70 శాతం వ్యవసాయానికే పోతుంది. ఎక్కువ దేశాల్లో రైతు ఆ నీటికి కట్టేది నామమాత్రం. అంటే అవసరం ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడే బిల్లు వసూలు తక్కువ. ప్రైవేటు డబ్బు ఈ విషయాన్ని ఎప్పుడో పసిగట్టింది. ప్రపంచ బ్యాంకు 2024లో వేసిన అంచనాలో, వర్ధమాన దేశాల్లో నీటి రంగం మీద ఏటా అయ్యే ఖర్చులో ప్రైవేటు వాటా 2 శాతం కూడా లేదని తేలింది. ఇంకా విచిత్రం, ప్రభుత్వాలు ఈ రంగానికి కేటాయించిన డబ్బులోనూ 28 శాతం ఖర్చు కాకుండానే మిగిలిపోతోంది. డబ్బు లేకపోవడం ఒక్కటే సమస్య అయితే ఉన్న డబ్బు మిగలకూడదు కదా.

సింగపూర్ దగ్గర కొంచెంసేపు ఆగాలి. ఆ దేశానికి సొంత నీళ్లు చాలవు. మలేషియాలోని జోహోర్ నుంచి పైపుల్లో తెచ్చుకుంటుంది, 1962లో చేసుకున్న ఆ ఒప్పందం 2061లో ముగుస్తుంది. నీటి మీద ఇంత టెన్షన్ ఉండి, ఇంత డబ్బూ, ఇంత పద్ధతైన పాలనా ఉన్న చోటు ఇంకొకటి దొరకడం కష్టం. నీటి కంపెనీ బాగుపడాలంటే అక్కడే బాగుపడాలి. హైఫ్లక్స్ మొదట్లో అలాగే బాగుపడింది. ఒలివియా లమ్ అనే కెమిస్ట్ 1989లో మొదలుపెట్టిన ఈ కంపెనీ 2001లో స్టాక్ మార్కెట్‌కు వచ్చింది, 2005లో దేశంలో మొట్టమొదటి సముద్రపు నీటి శుద్ధి ప్లాంటు కట్టింది. 2011లో తువాస్‌ప్రింగ్ అనే రెండో, ఇంకా పెద్ద ప్లాంటు టెండర్ గెలిచింది. రోజుకు దాదాపు 32 కోట్ల లీటర్లు, 25 ఏళ్ల ఒప్పందం. కోట్ చేసిన ధర మొదటి ఏడాది వెయ్యి లీటర్లకు 45 సింగపూర్ సెంట్లు. అప్పటికి అది ప్రపంచంలోనే అతి చవకైన ధరల్లో ఒకటి.

అంత తక్కువకు ఎలా ఇవ్వగలిగిందన్నదే అసలు సంగతి. సముద్రపు నీటిని పొరల గుండా గట్టి ఒత్తిడితో నెట్టి ఉప్పు తీయాలంటే ఎంత మంచి ప్లాంటుకైనా వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. ఖర్చులో పెద్ద వాటా దానిదే. హైఫ్లక్స్ పక్కనే 411 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రాన్ని కూడా కట్టింది. ప్లాంటు వాడుకోగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్మి, ఆ లాభంతో నీటి ధరను తగ్గించి ఇవ్వాలన్నది లెక్క. కేంద్రం మార్కెట్‌లోకి వచ్చే సమయానికి సింగపూర్‌లో గ్యాస్ ఎక్కువై, కరెంటు ధర పడిపోయింది. పేరుకు నీటి కంపెనీ, మునిగింది కరెంటు రేటు మీద పందెం కాసి.

2018 మే నెలలో కంపెనీ అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ కోర్టును ఆశ్రయించింది. 6 శాతం వడ్డీ ఆశతో దాని ప్రిఫరెన్స్ షేర్లు, కాలపరిమితి లేని బాండ్లు కొన్న మామూలు ఇన్వెస్టర్లు సుమారు 34,000 మంది. వాళ్ల డబ్బు 90 కోట్ల సింగపూర్ డాలర్లు. అందులో రిటైరయ్యాక కూడబెట్టినది పెట్టినవాళ్లు చాలామంది. 2019లో ప్రభుత్వ నీటి సంస్థ పీయూబీ ఆ ప్లాంటును తీసేసుకుంది. చెల్లించిన ధర సున్నా డాలర్లు. 2021లో కంపెనీని మూసేయమని కోర్టు ఆదేశించింది. ఇంత జరిగినా సింగపూర్‌లో నీటి అవసరం ఒక్క చుక్క కూడా తగ్గలేదు. గిరాకీ గురించి ఇన్వెస్టర్లు వేసుకున్న అంచనా అక్షరాలా నిజమైంది, డబ్బు మాత్రం పోయింది.

లండన్‌లో జరిగింది వేరే రకం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1989లో పది ప్రాంతీయ నీటి సంస్థలను ప్రైవేటుకు అమ్మారు. అమ్మేముందు వాటికున్న సుమారు 500 కోట్ల పౌండ్ల అప్పును ప్రభుత్వమే మాఫీ చేసింది. అంటే అప్పులేని పైపులు, వేరే దారిలేని కస్టమర్లు, ఐదేళ్లకోసారి ధరలు ఖరారు చేసే నియంత్రణ సంస్థ. ఇంతకంటే సేఫ్ వ్యాపారం ఏముంటుందని పెన్షన్ ఫండ్లు కూడా వచ్చి చేరాయి. నియంత్రణ పద్ధతిలోనే ఒక సందు ఉంది. కంపెనీ ఆస్తుల విలువ మీద ఇంత శాతం రాబడి అని లెక్కగట్టి బిల్లులు నిర్ణయిస్తారు. రాబడి ఎలాగూ వస్తుంది కాబట్టి తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి, సొంత పెట్టుబడి తగ్గించుకుంటే వాటాదారుకు మిగిలేది పెరుగుతుంది. 1.6 కోట్ల మందికి సేవలందించే థేమ్స్ వాటర్ 2006లో ఆస్ట్రేలియా బ్యాంకు మక్వారీ నాయకత్వంలోని బృందం చేతికి వెళ్లింది. 2017లో వాళ్లు పూర్తిగా బయటపడే నాటికి అప్పు సుమారు మూడు రెట్లయింది. మధ్యలో డివిడెండ్లు అందాల్సినవాళ్లకు అందాయి.

తర్వాత ద్రవ్యోల్బణం, వడ్డీరేట్లు రెండూ ఎగిశాయి. పాత పైపుల లీకేజీలు, నదుల్లోకి వదిలిన మురుగు జనంలో కోపం తెప్పించాయి. 2024 ఏప్రిల్‌లో థేమ్స్ మాతృసంస్థ కెంబుల్ అప్పు కట్టలేక చేతులెత్తేసింది. కెనడాకు చెందిన ఒమర్స్ పెన్షన్ ఫండ్ తన వాటా విలువను పుస్తకాల్లో సున్నా చేసుకుంది. 2025 మేలో నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్ 12.27 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. కొన్ని రోజులకే, కొత్త పెట్టుబడి పెడుతుందనుకున్న అమెరికా పెట్టుబడి సంస్థ కేకేఆర్ తప్పుకుంది. జూలైలో ఆఫ్‌వాట్‌నే రద్దు చేయాలని ఒక స్వతంత్ర కమిషన్ సిఫార్సు చేసింది. పోటీ లేని వ్యాపారంలో కూడా దివాలా అంచుకు రావొచ్చని ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చూపించలేరు.

అయితే ఇదే ఇంగ్లండ్‌ను ఇంకో పక్కనుంచి చూడాలి. 2025 నుంచి 2030 వరకు ఇంగ్లండ్, వేల్స్ నీటి కంపెనీలు సుమారు 10,400 కోట్ల పౌండ్లు ఖర్చు చేయడానికి ఆఫ్‌వాట్ అనుమతిచ్చింది. సగటు బిల్లు, ద్రవ్యోల్బణం కలపకుండానే, ఐదేళ్లలో 36 శాతం పెరగడానికి ఒప్పుకుంది. ఈ డబ్బు పైపులు, పంపులు, మీటర్లు, మురుగు ట్యాంకుల రూపంలో ఎవరో ఒకరికి ఆర్డర్‌గా వెళ్తుంది. పైపుల యజమాని కష్టాల్లో ఉన్నప్పుడే పైపులు అమ్మేవాడికి సీజన్ రావొచ్చు. నీటి రంగం మొత్తాన్ని ఒకే గాటన కట్టి "పెరుగుతుంది" అనడంలో ఉన్న చిక్కు ఇదే.

బిల్లు వసూలైతే బీద నగరం కూడా ఎంత దూరం వెళ్లగలదో కంబోడియా రాజధాని నాంఫెన్ చూపించింది. 1993లో ఏక్ సోన్ చాన్ అనే ఇంజనీర్ అక్కడి నీటి సంస్థ బాధ్యత తీసుకునేసరికి పంపిన నీటిలో 72 శాతానికి లెక్కే లేదు. లీకేజీలు కొంత, దొంగ కనెక్షన్లు కొంత, సంస్థ సిబ్బంది చేతివాటం ఇంకొంత. ఆయన మీటర్లు పెట్టించడం మొదలుపెట్టాడు, పెద్దవాళ్ల ఇళ్లతో సహా. మీటరుకు ఒప్పుకోని ఒక సైనిక జనరల్ ఇంటి కనెక్షన్ కట్ చేయడానికి స్వయంగా వెళ్తే ఆ జనరల్ తుపాకీ తీసి తన తలకు గురిపెట్టాడని, తర్వాత తాను సాయుధ బలగాన్ని వెంటేసుకుని వెళ్లి పని పూర్తిచేశానని ఆయనే చెప్పేవాడు. ధరలు మూడు విడతల్లో పెంచాలని ప్లాన్ వేశారు. వసూళ్లు అంత బాగా పెరగడంతో మూడో విడత అవసరమే రాలేదు. బీదవాళ్లకు కనెక్షన్ చార్జీలో సబ్సిడీ ఇచ్చారు, నెలనెలా వాడిన నీళ్లకు మాత్రం డబ్బు తీసుకున్నారు. లెక్కకు రాని నీరు 6 శాతం దరిదాపులకు దిగింది. 2012 ఏప్రిల్‌లో కంబోడియా స్టాక్ ఎక్స్ఛేంజిలో ట్రేడింగ్ మొదలైనప్పుడు అందులో లిస్టయిన మొట్టమొదటి కంపెనీ ఏ బ్యాంకో టెలికాం కంపెనీయో కాదు, ఈ నీటి సంస్థ. 85 శాతం వాటా ప్రభుత్వం దగ్గరే ఉంది. ప్రభుత్వమా ప్రైవేటా అన్న వాదన కంటే మీటర్ తిరుగుతోందా లేదా అన్నది ఎక్కువ ముఖ్యమని ఈ కథ వల్ల అర్థమవుతుంది.

వసూలు బలవంతంగా చేస్తే ఏమవుతుందో బొలీవియాలో కనిపించింది. కోచబాంబా నగరంలో అమెరికా కంపెనీ బెక్టెల్ భాగస్వామిగా ఉన్న సంస్థ నీటి సరఫరా తీసుకుని, కొత్త నీళ్లు ఇవ్వకముందే రేట్లు పెంచేసింది. జనం వీధుల్లోకి వచ్చారు, 2000 ఏప్రిల్‌లో ఒప్పందం రద్దయింది. కంపెనీ వేసిన నష్టపరిహారం కేసు 2006లో నామమాత్రపు నాణేలతో ముగిసింది. కాగితం మీద ఉన్న ధర పెంచే హక్కు జనం ఒప్పుకున్నంత వరకే పనికొస్తుంది.

మన దగ్గరకు వస్తే, హైదరాబాద్ కంపెనీ ఐవీఆర్‌సీఎల్ గుర్తుకు రాక తప్పదు. సాగునీరు, తాగునీరు ప్రాజెక్టులతో పేరు తెచ్చుకుని, ఒకప్పుడు తెలుగు ఇన్వెస్టర్లకు ఇష్టమైన షేర్లలో ఒకటిగా ఉండేది. చెన్నై శివార్లలోని మింజూరులో స్పెయిన్ కంపెనీతో కలిసి రోజుకు 10 కోట్ల లీటర్ల సముద్రపు నీటి శుద్ధి ప్లాంటు కట్టింది. 2010లో అది ప్రారంభమైనప్పుడు దేశంలో అదే పెద్దది. 2019 వేసవిలో చెన్నై చెరువులన్నీ ఎండి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్న రోజుల్లో సముద్రపు నీటి ప్లాంట్లే నగరానికి పెద్ద ఆసరా. ఆ ఏడాదే ఐవీఆర్‌సీఎల్ లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దశకు వెళ్లింది. అప్పులు, ఆలస్యమైన ప్రాజెక్టులు, చేతికి రాని బాకీలు కలిసి ముంచాయి. నీటి అవసరం శిఖరానికి చేరిన ఏడాది, నీటి కంపెనీ మునిగిన ఏడాది ఒకటే.

ఆర్డర్ వేరు, డబ్బు వేరు. జల్‌జీవన్ మిషన్ మీద 2019 నుంచి పైపుల కంపెనీలు, కాంట్రాక్టు కంపెనీల షేర్లు బాగా పరుగెత్తాయి. 2024-25 బడ్జెట్‌లో కేంద్రం దీనికి రూ.70,163 కోట్లు చూపించింది. సవరించిన అంచనాల్లో అది రూ.22,694 కోట్లయింది. పథకం గడువు 2028 దాకా పొడిగించారు కాబట్టి పని ఎక్కడికీ పోలేదు, బిల్లులు మాత్రం ఆగాయి. పని చేసేసి బిల్లు కోసం తిరిగే సబ్‌కాంట్రాక్టర్‌కు దేశ నీటి అవసరాల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, బ్యాంకు వడ్డీ ఎంత పడుతోందన్నదే అతని లెక్క.

ధర విషయంలో మన రాజకీయాల సంగతి అందరికీ తెలిసిందే. 2015లో ఢిల్లీ మొదలుపెట్టిన నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి హామీ, గ్రేటర్ ఎన్నికల వేళ హైదరాబాద్‌కూ వచ్చింది, 2021 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అదే నగరంలో వేసవి వస్తే అపార్ట్‌మెంట్లు ట్యాంకర్లకు వేలకు వేలు పోస్తాయి, ప్రతి ఇంట్లో ఇరవై లీటర్ల వాటర్ టిన్ను ఉండనే ఉంటుంది. జనం నీళ్లకు డబ్బు పెట్టరన్న మాట నిజం కాదు. వాటర్ బోర్డుకు పెట్టడానికి ఇష్టపడరు, లేదా నాయకులు పెట్టనివ్వరు. ఈ తేడా ఉన్నంతకాలం ఇంటింటికీ నీళ్లిచ్చి లాభం తీసుకునే కంపెనీ ఇక్కడ పెద్దగా ఎదుగుతుందని ఆశించడం కష్టం.

మరి పెరుగుదల ఎక్కడ? బిల్లు కట్టే స్తోమత, కట్టక తప్పని పరిస్థితి రెండూ ఉన్న చోట. మొదట పరిశ్రమలు. చిప్ ఫ్యాక్టరీకి అతి శుద్ధమైన నీళ్లు కావాలి, ఒక్కరోజు లేకపోయినా నష్టం కోట్లలో. 2021 కరువులో తైవాన్ ప్రభుత్వం పొలాలకు నీళ్లు ఆపింది, చిప్ కంపెనీ టీఎస్ఎంసీ ట్యాంకర్లు పెట్టుకుంది. అలాంటి కస్టమర్‌కు నీటి రేటు పెద్ద లెక్కలోది కాదు. సూరత్‌లో పాండేసర వస్త్ర పరిశ్రమలకు మున్సిపల్ కార్పొరేషన్ శుద్ధిచేసిన మురుగునీటిని అమ్మి ఆదాయం తీసుకుంటోంది. చెన్నైలో కోయంబేడు, కొడుంగైయూర్ ప్లాంట్ల నీళ్లు పరిశ్రమలకు వెళ్తున్నాయి. మురుగు ఏ వర్షాభావంలోనూ ఎండని వనరు. కొనే ఫ్యాక్టరీ పక్కనే ఉంటే లెక్క కుదురుతుంది. విశాఖలో డేటా సెంటర్ల మీద ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. డేటా సెంటర్లను చల్లబరచడానికి నీళ్లు వాడితే కరెంటు ఆదా, నీళ్లు తగ్గిస్తే కరెంటు ఎక్కువ. ఏలేరు కాలువ నీటిని ఇప్పటికే ఉక్కు ఫ్యాక్టరీ, నగరం పంచుకుంటున్నాయి. కాబట్టి శుద్ధిచేసిన మురుగునీటికి అక్కడ మంచి కస్టమర్ తయారవుతున్నట్టే. ఆ ఒప్పందం ఏ ధరకు, ఎవరి పూచీతో రాస్తారన్నదాన్ని బట్టే మిగతాది.

రెండోది లీకేజీ. ప్రపంచంలో నీటి సంస్థలు శుభ్రం చేసి పంపాక బిల్లుకు ఎక్కని నీరు ఏటా సుమారు 12,600 కోట్ల కిలోలీటర్లని, విలువ 3,900 కోట్ల డాలర్లని ఈ రంగ నిపుణుల అంచనా. దీన్ని పట్టుకునే మీటర్లు, సెన్సర్లు, వాల్వులకు ఆదా అయిన నీళ్లే ఖర్చు తిరిగి ఇచ్చేస్తాయి. ఫొటోలో బాగుండని పని కాబట్టి శంకుస్థాపనలకు పనికిరాదు, బహుశా అందుకే ఆలస్యం.

మూడోది చట్టం. అమెరికాలో 2024 అక్టోబర్‌లో వచ్చిన నిబంధన సీసపు పైపులను సుమారు పదేళ్లలో మార్చాలంటోంది. అలాంటివి 90 లక్షల దాకా ఉన్నాయని అక్కడి పర్యావరణ సంస్థ అప్పట్లో అంచనా వేసింది. నీటిలో పీఫాస్ అనే మొండి రసాయనాలకూ అదే ఏడాది పరిమితులు పెట్టారు. చట్టం సృష్టించిన గిరాకీని చట్టమే వెనక్కి నెట్టగలదు కూడా. 2025 మేలో ఆ రసాయనాల్లో రెండింటి గడువును 2029 నుంచి 2031కి జరుపుతామని, మిగతావాటి పరిమితులు ఎత్తేస్తామని ప్రకటించారు. ఫిల్టర్ కంపెనీ షేరు కొన్నవాళ్లకు రెండేళ్లు చిన్న విషయం కాదు. బ్రెజిల్‌లో 2020 చట్టం 2033 నాటికి 99 శాతం మందికి నీళ్లు, 90 శాతం మందికి మురుగు సేవలు అందాలని గడువు పెట్టింది. ఆ ఊపులోనే సావోపాలో నీటి సంస్థ సబెస్ప్‌ను 2024లో ప్రైవేటుకు ఇచ్చారు. అంత పెద్ద సంస్థలో ప్రధాన వాటాకు బిడ్ వేసింది ఒక్క కంపెనీయే.

పెద్ద కంపెనీల అడుగులు కూడా ఈ దిశలోనే పడుతున్నాయి. ఫ్రాన్స్‌లో వియోలియా సుమారు 1,300 కోట్ల యూరోలతో తన చిరకాల పోటీదారు సూయెజ్‌లో పెద్ద భాగాన్ని 2022లో కలిపేసుకుంది. అమెరికా పంపుల కంపెనీ జైలమ్ 2023లో పరిశ్రమల నీటిశుద్ధి కంపెనీ ఎవోక్వాను 750 కోట్ల డాలర్లకు కొంది. నీటి పేరుతో ఉన్న అంతర్జాతీయ ఫండ్లను తెరిచి చూసినా పంపులు, వాల్వులు, రసాయనాలు, ల్యాబ్ పరికరాలు అమ్మే కంపెనీలు బోలెడు కనిపిస్తాయి. వాటి లాభాలు ఇళ్ల నిర్మాణం, ఫ్యాక్టరీల ఖర్చులతో పాటు ఎగుడుదిగుడవుతాయి. నీళ్ల మీద పెట్టుబడి అనుకున్నది చాలావరకు ఇంజనీరింగ్ షేర్లన్నమాట.

మన మార్కెట్‌లో ఆర్డర్ వార్తలు చదివేటప్పుడు మొత్తం ఎన్ని కోట్లన్నది హెడ్డింగ్‌లోనే ఉంటుంది, దానికంటే కింద ఎక్కడో ఉండే ఫండింగ్ లైను ముఖ్యం. చెన్నైకి వాబాగ్ కంపెనీ కడుతున్న పెరూర్ ప్లాంటు రోజుకు 40 కోట్ల లీటర్లది, మింజూరుకు నాలుగు రెట్లు. దానికి డబ్బు జపాన్ సంస్థ జైకా రుణం నుంచి వస్తుంది. గంగ శుద్ధి పథకంలో హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి ప్లాంట్లకు నిర్మాణ ఖర్చులో 40 శాతం కట్టేటప్పుడే ఇస్తారు, మిగతాది 15 ఏళ్లపాటు వడ్డీతో, ప్లాంటు సరిగా నడిచినదాన్ని బట్టి చెల్లిస్తారు. ఇలాంటి ఏర్పాటు ఏదీ లేకుండా రాష్ట్ర ఖజానా మీదే ఆధారపడ్డ ఆర్డర్ అయితే, కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో "రావాల్సిన బాకీలు" అన్న వరుస గత మూడేళ్లుగా ఎటు పోతోందో చూసుకున్నాకే మిగతా పేజీలు తిప్పాలి.